కౌడిపల్లి ఓపీ దాకా ఏం వచ్చింది?

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా మెదక్ పోయే రోడ్డు మీద ఉంటుంది కౌడిపల్లి. మండల కేంద్రం. చుట్టూ వరి పొలాలు, ఊళ్లు, తండాలు. జ్వరాలు, దగ్గులతో పాటు బీపీ గోళీల కోసం, షుగర్ గోళీల కోసం వచ్చేవాళ్లు ఇప్పుడు ఏ మండలంలోనైనా ఓపీ వరుసలో కనిపిస్తారు. లండన్‌లోనో బోస్టన్‌లోనో అచ్చయ్యే వైద్య పత్రికలు వారం వారం కొత్త ఫలితాలు ప్రకటిస్తుంటాయి. వాటిలో ఈ వరుసలో నిలబడ్డ మనిషికి పనికొచ్చేవి ఎన్ని? ఈ ప్రశ్న పట్టుకుని గత పది పదిహేనేళ్లలో తేలిన సంగతులను తిరగేస్తే ఒక విషయం బలంగా తగులుతుంది. మనకు అక్కరకొచ్చే పరిశోధనల్లో చాలా భాగం మన ఊళ్లలోనే, మన మనుషుల మీదే జరిగింది. రక్తం ఇచ్చింది మనవాళ్లు, ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పింది మనవాళ్లు. తేలిన సంగతి మాత్రం తిరిగి ఆ ఊరికి చేరడం అరుదు.

ఉప్పుతో మొదలుపెడదాం. 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లాలో భాగంగా ఉన్న సిద్దిపేట ప్రాంతంలో, ఏడు ఊళ్లలో, బీపీ ఉన్న 502 మందిని తీసుకుని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. సగం మందికి మామూలు ఉప్పు. మిగతా సగం మందికి సోడియం తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఏ ప్యాకెట్‌లో ఏది ఉందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, తినేవాళ్లకూ తెలియదు. వంట మారలేదు, గోళీలు మారలేదు. మూడు నెలల తర్వాత చూస్తే ఉప్పు మారిన వాళ్లలో పై బీపీ, రెండో గుంపుతో పోలిస్తే 4.6 పాయింట్లు అదనంగా తగ్గింది. 2021లో అచ్చయింది ఈ ఫలితం.

నాలుగున్నర పాయింట్లంటే ఒక మనిషికి పెద్ద లెక్క కాదనిపిస్తుంది. అదే ఏడాది చైనా నుంచి వచ్చిన ఫలితం పక్కన పెట్టి చూడాలి. అక్కడ 600 ఊళ్లలో దాదాపు 21 వేల మందిని అయిదేళ్ల పాటు గమనించారు. పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ అదుపులో లేనివాళ్లు వాళ్లంతా. ఇలాంటి ఉప్పే వాడిన ఊళ్లలో పక్షవాతాలు 14 శాతం, మొత్తం మరణాలు 12 శాతం తగ్గాయి. ఒక వంటింటి సరుకు మారిస్తే ఇంత తేడా రావడం వైద్యంలో తరచుగా చూసేది కాదు. దీనికి కారణం కూడా సులువుగానే అర్థమవుతుంది. పాశ్చాత్య దేశాల్లో మనిషి తినే ఉప్పులో ఎక్కువ భాగం బ్రెడ్డులో, ప్యాకెట్ తిండిలో ముందే కలిసి వస్తుంది. దాన్ని ఇంట్లో మార్చలేరు. మన దగ్గర ఉప్పు పడేది పప్పులో, పచ్చిపులుసులో, మామిడికాయ తొక్కులో. అంతా ఇల్లాలి చేతి మీదుగా పోయేదే. ఇంట్లో డబ్బా మారితే తినే ఉప్పంతా మారినట్టే.

2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పు వాడకాన్ని సిఫారసు చేసింది. పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఆ సిఫారసు వర్తించదని చెప్పింది. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పుతుంది. కొన్ని రకాల బీపీ గోళీలు వేసుకునేవాళ్లూ డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి. కాబట్టి ఊరంతటికీ ఒకేసారి పంచేసే సరుకు కాదిది. బీపీ ఉన్నవాళ్లకు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించి, బాగుంటే ఈ ఉప్పు వాడమని చెప్పడం కష్టమేమీ కాదు. రక్తం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తీసి ల్యాబుకు పంపే ఏర్పాటు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ఉండనే ఉంది. అడ్డం వచ్చేది ధర. ఈ ఉప్పు మామూలు ఉప్పు కంటే ప్రియం, పల్లె కిరాణా కొట్లో అడిగితే దొరకదు కూడా. సిద్దిపేట ఊళ్లు రుజువు ఇచ్చి ఇన్నేళ్లయినా, ఆ ఉప్పు రేషన్ దుకాణంలో బీపీ కార్డు ఉన్నవాళ్లకు దొరకకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

బీపీ గురించి మాట్లాడుతున్నప్పుడు, దాన్ని కొలిచే తీరు దగ్గర కాసేపు ఆగాలి. వరుసలో ఉన్న మనిషి వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. చొక్కా చేతి మీదుగానే పట్టీ చుడతారు. చెయ్యి ఒళ్లో ఉంటుంది, లేదా పక్కన వేలాడుతుంటుంది. యంత్రం గాలి నింపుతుండగానే ‘ఏమైతుంది’ అని నర్సు అడుగుతుంది, మనిషి జవాబు చెబుతూనే ఉంటాడు. అర నిమిషంలో అంకె చీటీ మీద పడుతుంది. 2024లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు సరిగ్గా ఈ చెయ్యి సంగతే పరీక్షించారు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఆనించి కొలిచిన దానితో పోలిస్తే, ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ దాదాపు 4 పాయింట్లు, పక్కన వేలాడేస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువ చూపించింది. లావుపాటి చేతికి మామూలు పట్టీ చుడితే తప్పు ఇంకా పెద్దదని అదే బృందం అంతకుముందే చూపించింది. మరీ పెద్ద పట్టీ కావాల్సిన వాళ్లలో ఆ తేడా 20 పాయింట్ల దాకా పోయింది. గోల సంగతి మాత్రం ఊరటనిచ్చేదే. సందడిగా ఉండే బహిరంగ స్థలంలో కొలిచినా, నిశ్శబ్దపు గదిలో కొలిచినా చెప్పుకోదగ్గ తేడా లేదని 2025లో తేలింది. ఓపీలో గోల తగ్గించడం మన చేతిలో లేదు, చేతి కింద ఒక బల్ల పెట్టడం ఉంది. సిద్దిపేటలో ఉప్పు మార్చి సాధించిన తేడా ఎంతో, చెయ్యి ఒళ్లో పెట్టి కొలిస్తే వచ్చే తప్పు దాదాపు అంత. ఆ తప్పు అంకె మీద జీవితకాలం మింగే గోళీ మొదలవుతుంది, లేదా ఉన్న గోళీ రెట్టింపవుతుంది.

గోళీ పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అన్న దాని మీద కొన్నేళ్లు పెద్ద చర్చే నడిచింది. రాత్రి వేసుకుంటే గుండెపోట్లు తగ్గుతాయని ఒక స్పానిష్ అధ్యయనం చెప్పడంతో చాలామంది డాక్టర్లు చీటీలు మార్చి రాశారు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష 2022లో దాన్ని తేల్చేసింది: తేడా లేదు. మరిచిపోకుండా ఏ పూట వేసుకోగలిగితే ఆ పూటే మంచిది. ఏ గోళీల జత మేలన్న దానికి మన దేశం నుంచే జవాబు వచ్చింది. 32 ఆసుపత్రుల్లో 1,981 మంది మీద మూడు రకాల జంట మందులను పోల్చి చూసి, ఆ ఫలితాలను 2025లో ప్రకటించారు. మూడూ సమానంగానే పనిచేశాయి. ఆరు నెలలకు 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది. మందు మారుస్తూ పోవడం కన్నా, మొదటినుంచే రెండు మందులు కలిసిన ఒక గోళీ ఇచ్చి, అది ఆగకుండా చూడటం ముఖ్యమని ఈ ఫలితాలను చూస్తే తెలుస్తుంది.

ఆగకుండా చూడటం. చిక్కంతా ఇక్కడే ఉంది. దీని మీద తెలుగు నేల ఇచ్చిన పాఠాలు ప్రపంచానికే పనికొచ్చేవి.

2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి, ఎలా పోయారని అడిగి రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అన్నది దాని పేరు. 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లెల్లో అంటురోగాలే చంపుతాయి, గుండెపోటు పట్నం వాళ్ల జబ్బు అన్న మాటకు ఆ లెక్కతో కాలం చెల్లింది. ఆ తర్వాత పశ్చిమ గోదావరిలోనే ఇంకో పెద్ద పరీక్ష నడిచింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింద ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, వయసూ పొగతాగే అలవాటూ అన్నీ నింపితే, గుండెపోటు ముప్పు ఎంతో ట్యాబే చెబుతుంది. ముప్పు ఎక్కువున్న వాళ్లను డాక్టర్ దగ్గరికి పంపాలి. డాక్టర్ చేతిలోనూ అలాంటి ట్యాబే ఉంటుంది. 2019లో ఫలితం వచ్చింది. బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఈ పరీక్షను విఫలమైనదని పక్కన పడేస్తే దాని విలువ పోతుంది. దీన్ని ఇంకో రెండింటి పక్కన పెట్టి చదవాలి. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో సర్కారు ఆరోగ్య కార్యకర్తలే ఇంటికెళ్లి బీపీ చూసి, మాట్లాడి, శిక్షణ పొందిన డాక్టర్‌కు అప్పజెప్పి, మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. రెండేళ్లలో పై బీపీ, మామూలు వైద్యం అందిన ఊళ్లతో పోలిస్తే 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. 2020లో అచ్చయిన ఫలితమిది. చైనాలో ఇంకో అడుగు వేశారు. 326 ఊళ్లలో సగం ఊళ్ల పల్లె వైద్యులకు, ఎంబీబీఎస్ స్థాయి చదువు లేనివాళ్లకే, ఒక రాతపూర్వక పద్ధతి ఇచ్చి, పై డాక్టర్ల పర్యవేక్షణలో గోళీలు మొదలుపెట్టే, పెంచే అధికారం ఇచ్చారు. గోళీలు ఉచితంగానో చవకగానో అందాయి. మూడేళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె సంబంధ మరణాలు కలిపి మూడోవంతు తగ్గాయి. నాలుగేళ్లకు చూస్తే మతిమరుపు జబ్బు కూడా 15 శాతం తక్కువగా వచ్చింది.

గోదావరి ఆశాకు, చైనా పల్లె వైద్యుడికి తేడా ఎక్కడుంది? ఆశా ముప్పు చెప్పగలిగింది, మందు ఇవ్వలేకపోయింది. మనిషి ఆసుపత్రికి పోవాలి. పోయిన రోజు డాక్టర్ ఉండాలి. ఉన్న రోజు గోళీలు ఉండాలి. ఈ మూడూ కలిసిరావడం ఎంత కష్టమో పల్లె మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వచ్చిన ముసలమ్మకు పది రోజుల గోళీలు కట్టిచ్చి పంపితే ఆమె మళ్లీ రాదు. వాడకం ఆగితే బీపీ మళ్లీ పెరుగుతుంది, బయటికి ఏ బాధా తెలియదు. నెలల తర్వాత ఒక పొద్దున కాలూ చెయ్యీ పడిపోతాయి.

దీనికి విరుగుడు కూడా మన రాష్ట్రంలోనే మొదలైంది. 2018లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ మొదలైనప్పుడు, దాన్ని ముందుగా చేపట్టిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకే చికిత్సా పద్ధతి, కొన్ని రకాల గోళీలే, కానీ ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడటం, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, రానివాళ్లకు ఫోన్ చేసి పిలవడం. ఇంతే దాని సారం. పెద్ద ఆసుపత్రుల కన్నా ఇంటికి దగ్గరున్న కేంద్రాల్లోనే బీపీ అదుపు మెరుగ్గా ఉందని ఆ కార్యక్రమం తొలి ఫలితాలు చూపించాయి. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దక్కింది. పల్లె దవాఖానాలో గోళీలు నెలనెలా దొరికితే, ఏఎన్ఎం చేతిలో రానివాళ్ల పేర్ల జాబితా ఉంటే, తక్కువ ఖర్చులో ఇంతకు మించిన గుండె వైద్యం లేదని నేను పూర్తిగా నమ్ముతున్నాను. ఆ జాబితా రిజిస్టర్‌లో నిద్రపోతే మాత్రం ఎన్ని యాప్‌లు వచ్చినా గోదావరి కథే మళ్లీ జరుగుతుంది.

షుగర్ విషయానికి వస్తే కొత్త మందుల వార్తలు ఎక్కువ. దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది ఆ అంచున ఉన్నారని ఐసీఎంఆర్, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి చేసిన సర్వే 2023లో చెప్పింది. షుగర్ మందులుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె బలహీనతను, కిడ్నీ చెడిపోవడాన్ని కూడా అడ్డుకుంటాయని 2019 నుంచి వరుసగా పెద్ద పరీక్షల్లో తేలింది. షుగర్ లేనివాళ్లలోనూ పనిచేశాయి. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో ముగిసింది. 60 రూపాయల చుట్టూ ఉన్న గోళీ 10 రూపాయల లోపు కూడా దొరకడం మొదలైంది. పల్లె రోగికి ఈ దశాబ్దపు మంచి వార్తల్లో ఇది ఒకటి. అయితే ఎండలో పొలం పనిలో, ఉపాధి పనిలో చెమటోడ్చే మనిషికి ఈ మందు రాసేటప్పుడు ఒక మాట చెప్పి తీరాలి. ఇది మూత్రంలో చక్కెరతో పాటు నీటినీ లాగేస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో, ఏమీ తినలేని జ్వరంలో, ఉపవాసాల్లో దాన్ని ఆపి డాక్టర్ని అడగాలి. చీటీ మీద రాసిచ్చే మాట కాదిది, నోటితో చెప్పి, అర్థమైందో లేదో అడగాల్సిన మాట.

తిండి సంగతి ఇంకా మెలికగా ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో 2021లో జరిగిన సమీక్ష, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి, చిరుధాన్యాలు తినే షుగర్ రోగుల్లో పరగడుపు చక్కెర 12 శాతం తగ్గిందని చెప్పింది. జొన్న గటక, రాగి అంబలి తిని పెరిగిన ప్రాంతానికి ఇది సంతోషం కలిగించే మాట. కానీ 2025లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ఆహార విశ్లేషణ ఇంకో సంగతి చెబుతోంది. మనం తినే తిండి శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తం తగ్గకుండా, అన్నం బదులు గోధుమో చిరుధాన్యమో తిన్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. పిండి పదార్థంలో కొంత భాగం తీసేసి దాని చోట పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు పెడితేనే తగ్గింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. మొదటిది షుగర్ వచ్చినవాళ్ల రక్తంలో చక్కెర సంగతి, పైగా చిన్న చిన్న అధ్యయనాల కూడిక. రెండోది షుగర్ రాకుండా ఉండే సంగతి, దేశమంతటా జనాన్ని ఒక్కసారి చూసి కట్టిన లెక్క. అయినా ఓపీలో చెప్పాల్సింది తేలిపోయింది. కంచంలో అన్నమైనా గటకైనా కుప్ప చిన్నది కావాలి, పప్పు గిన్నె పెద్దది కావాలి. పప్పు ధర తెలిసినవాళ్లకు ఇది వైద్య సలహా కన్నా ఎక్కువని అర్థమవుతుంది.

తిండే మందుగా నిలబడిన చోట ఒకటుంది. క్షయ. జార్ఖండ్‌లో 2,800 మంది టీబీ రోగుల ఇళ్లలో, వాళ్లతో కలిసి ఉండే పదివేల మందికి పైగా కుటుంబసభ్యుల మీద జరిగిన రేషన్స్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. రోగికి అన్ని ఇళ్లలోనూ నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. సగం చోట్ల ఇంట్లోని మిగతావాళ్లకు కూడా ఇచ్చారు. ఇంట్లో అందరికీ తిండి అందిన చోట కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కఫంలో సూక్ష్మజీవి తేలిన టీబీ అయితే దాదాపు సగానికి పడిపోయింది. చికిత్సలో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణాలు 60 శాతం తక్కువ. 2024 నవంబర్ నుంచి కేంద్రం టీబీ రోగికి నెలకు 500 రూపాయల బదులు 1,000 ఇస్తోంది. మంచిదే. కానీ పరీక్షలో పనిచేసింది బ్యాంకు ఖాతాలో పడ్డ డబ్బు కాదు, ఇంటికి చేరిన సంచి. బరువు తూచే యంత్రం టీబీ వైద్యంలో ఎక్స్‌రే అంత ముఖ్యమైన పనిముట్టని ఈ పరీక్ష నేర్పింది. ప్రతి నెలా రోగి బరువు రాయని కార్డు సగం కార్డే.

తిండే మందన్న మాటకు రుజువు అంతకుముందే మన దగ్గర ఉందని చెప్పకుండా ఉండలేను. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో, కొన్నింటిలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ తిండి పెట్టి, మిగతా ఊళ్లతో పోల్చింది. పెట్టింది ఉప్మా. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి చూశారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. ఇన్సులిన్‌కు ఒళ్లు బాగా స్పందిస్తోంది, రక్తనాళాల బిగువు తక్కువగా ఉంది. అంటే అంగన్‌వాడీ గిన్నెలో పడ్డ తిండి పదిహేనేళ్ల తర్వాత షుగర్, గుండె ముప్పును తగ్గించే దిశగా పనిచేసిందన్నమాట. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఈ సంగతి, కౌడిపల్లి మండలంలో రోజూ పొయ్యి వెలిగించే అంగన్‌వాడీ టీచర్‌కూ ఆయమ్మకూ ఎవరైనా చెప్పారా? చెప్పాలి. తాము చేస్తున్నది గుండె వైద్యమని వాళ్లకు తెలియాలి.

యాంటీబయాటిక్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. రక్తంలోకి సూక్ష్మజీవులు పాకిన రోగులకు 14 రోజుల మందు, 7 రోజుల మందు సమానమేనని 3,608 మంది మీద జరిగిన పరీక్ష 2024లో తేల్చింది. కొన్ని మొండి సూక్ష్మజీవులను అందులో కలపలేదు. ఆసుపత్రిలో పడకెక్కిన వాళ్లకే వారం చాలినప్పుడు, ఊళ్లో జలుబుకు ఇచ్చే యాంటీబయాటిక్ అసలెందుకన్న ప్రశ్న వస్తుంది. ఊళ్లో ముందుగా చెయ్యి పట్టి చూసేది ఆర్ఎంపీ. పశ్చిమ బెంగాల్లో ఇలాంటి వాళ్లకు తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి, రోగుల వేషంలో మనుషులను పంపి పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం సరైన వైద్యం చేయడం పెరిగింది, అక్కర్లేని మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం తగ్గలేదు. తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు. సూది, సెలైన్ లేకుండా పంపితే ఫీజు ఎలా అడగాలన్నది ఆ మనిషి బాధ. ఆ లెక్క తేలకుండా శిక్షణలు పెట్టినా, దాడులు చేసినా యాంటీబయాటిక్ తగ్గదు.

వరికోతల కాలంలో ఇంకో అత్యవసరం ఉంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో లెక్కగట్టారు. వాటిలో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది పల్లెల్లో, ఇంటి దగ్గరే పోయారు. ఇక్కడ కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒకసారి వంచి చూస్తే చాలు. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర లాంటి పాము విషం పనిచేస్తున్నట్టు. వెంటనే విరుగుడు ఎక్కించాలి. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే పరీక్ష తప్పుతుంది, డిటర్జెంట్‌తో కడిగిన గొట్టమైనా తప్పుతుంది. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి కట్లపాము కరిస్తే వాపు ఉండదు, నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి. గ్యాస్ అనుకుని గోళీ ఇచ్చి పంపితే ప్రాణం పోతుంది. విరుగుడు మందు పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు. పాము విషం మనిషి బరువు చూసి తగ్గదు కదా.

పెద్ద పరీక్షలేవీ అడగని ప్రశ్న ఒకటి మెదక్ ప్రాంతపు డాక్టర్ అడగాలి: కల్లు తాగుతావా, చెట్టు కల్లా, మందు కల్లా? తెలంగాణలో కల్తీ కల్లులో డయాజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేయగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు పోటెత్తారు. వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం. అదే మనిషి నిమోనియాతోనో కాలు విరిగో వార్డులో చేరితే మూడో రోజు ఇదే జరుగుతుంది. అడగని డాక్టర్ జ్వరం మెదడుకెక్కిందని అనుకుంటాడు. అడిగిన డాక్టర్ ముందే జాగ్రత్తపడతాడు. కల్లు తాగే అలవాటు చెప్పుకోవడానికి ముఖ్యంగా ఆడవాళ్లు సిగ్గుపడతారు. తీర్పు చెప్పే గొంతుతో అడిగితే చెప్పరు.

గుండెపోటు దగ్గర ఈ సమీక్ష ముగుస్తుంది. ఇక్కడ కొత్త సంగతులు కొన్ని మందులు తగ్గించమంటున్నాయి. జబ్బేదీ లేని ముసలివాళ్లు ముందు జాగ్రత్తగా రోజూ వేసుకునే ఆస్పిరిన్ వల్ల మేలు లేదని, రక్తస్రావం పెరుగుతుందని 2018లో 19 వేల మంది మీద జరిగిన పరీక్ష చెప్పింది. గుండెపోటు వచ్చి తగ్గి, గుండె పంపింగ్ బాగానే ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్ గోళీ జీవితాంతం అవసరమా అన్నదాని మీద 2024, 2025లలో పెద్ద పరీక్షలు వచ్చాయి. స్వీడన్, స్పెయిన్ ఫలితాలు మేలు లేదన్నాయి. నార్వే, డెన్మార్క్ ఫలితం కొంత మేలుందని చెప్పింది. పంపింగ్ కాస్త తగ్గినవాళ్లకు మాత్రం మందు ఉండాల్సిందేనని, ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. ఎకో తీయించుకోకుండా ఎవరూ సొంతంగా ఆ గోళీ ఆపకూడదు.

ఈ గుండె పరీక్షలకన్నా పాతది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది, 2008లో లాన్సెట్‌లో వచ్చిన భారతీయ అధ్యయనం. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యుల ఆధ్వర్యంలో 89 ఆసుపత్రుల నుంచి 20 వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు సేకరించారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన సమయం, సగం మందికి, ఆరు గంటలు దాటింది. పేదవాళ్లలో నెల రోజుల్లో చనిపోయినవాళ్లు ఎక్కువ, ఉన్నవాళ్లలో తక్కువ. పేదవాళ్ల గుండె వేరుగా ఉండటం వల్ల కాదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్, కొలెస్ట్రాల్ గోళీ, ఇతర చికిత్సలు వాళ్లకు తక్కువగా అందాయి. అందరికీ ఒకే వైద్యం అందినట్టు లెక్క సరిచేస్తే, మరణాల్లో ఆ తేడా మాయమైంది.

మెదక్‌లో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. నర్సాపూర్ ఒకవైపు, మెదక్ ఒకవైపు, మధ్యలో కౌడిపల్లి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసే సమయం గంటల్లోనే ఉంటుంది, మొదటి మూడు గంటల్లో పడితే ఫలితం ఎక్కువ. ఛాతీలో నొప్పి, చెమటలు పట్టిన మనిషిని ఎత్తుకుని బయల్దేరిన ఇంటివాళ్లకు ఆ వేళ ఎటు తిరగాలో ముందే తెలిసుండాలి. అర్ధరాత్రి ఈసీజీ తీసే మనిషి ఏ ఆసుపత్రిలో ఉంటాడు, ఆ ఇంజెక్షన్ ఏ ఫ్రిజ్‌లో ఉంది, ఈసీజీ ఫోటో వాట్సాప్‌లో పంపితే అటునుంచి చూసి చెప్పే డాక్టర్ ఎవరు. ఈ మూడు వివరాలు ఒక కాగితం మీద రాసి ఊరూరా గ్రామ పంచాయతీ గోడకు అంటించడానికి ఏ పరిశోధన కోసమూ ఆగనక్కర్లేదు.